పళ్లూ చైనూ కలిస్తేనే... పయనం!

ఇంకా తెల్లవారలేదు. కొండమీది కోటకు వెళ్లే మట్టిదారికి అటూ ఇటూ దీపాలు వరసగా వెలుగుతున్నాయి. ఆ వెలుతురులో సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి పైకెక్కుతున్నాయి. తొక్కేవాళ్ల ఒంటిమీద ఉన్ని చొక్కాలు, తలమీద గుడ్డ టోపీలు. కొందరైతే స్పేరు టైర్లను వీపుమీద ఇంటూ గుర్తులా తగిలించుకున్నారు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. వినిపించేదల్లా టైర్ల కింద గులకరాళ్ల చప్పుడు, చైన్ల కిరకిర.

సినిమా షూటింగ్ అనుకుంటే పొరపాటే. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఏటా అక్టోబరు మొదటి ఆదివారం కనిపించే దృశ్యమిది. ఆ ఊరి పేరు గయోలె ఇన్ కియాంటి. ఆ పండగ పేరు లెరోయికా. అంటే వీరోచితమైనది అని అర్థం. ఇందులో పాల్గొనడానికి కండబలం ఒక్కటే చాలదు. పాత సైకిలు కావాలి. అంతకన్నా ముఖ్యంగా ఆ సైకిలు పెడళ్ల దగ్గరుండే పళ్ల చక్రానికీ, దానిమీద తిరిగే చైనుకూ జాతకాలు కలవాలి!

దారికోసం పుట్టిన పండగ

గయోలె మరీ చిన్న ఊరు. సియెనా నగరానికి ముప్ఫై కిలోమీటర్ల లోపే ఉంటుంది. చుట్టూ ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు, కొండలమీద రాతి కోటలు. వాటి మధ్యలోంచి పాములా మెలికలు తిరుగుతూ సున్నం చల్లినట్టు కనిపించే మట్టిరోడ్లు. వీటినే అక్కడివాళ్లు 'స్ట్రాదే బియాంకె' అంటారు. తెల్లదారులన్నమాట.

ఒకప్పుడు ఇటలీలో సైకిలు పందేలన్నీ ఇలాంటి దారులమీదే జరిగేవి. రానురాను తారు వచ్చి చేరింది. ఒక్కొక్క తెల్లదారీ నల్లబడటం మొదలెట్టింది. ఇలాగే వదిలేస్తే చివరికి ఒక్కటీ మిగలదని జాన్‌కార్లో బ్రొచ్చి అనే స్థానికుడు బెంగపెట్టుకున్నాడు. దారిని కాపాడాలంటే దానిమీద జనం తిరగాలన్నది ఆయన ఆలోచన. అలా 1997లో మొదటి లెరోయికా జరిగింది. వచ్చింది 92 మంది. ఇప్పుడు ఎక్కడెక్కడి దేశాల నుంచో వేలమంది వస్తున్నారు. 46 కిలోమీటర్ల చిన్న దారి నుంచి 209 కిలోమీటర్ల పెద్ద దారి దాకా ఎవరి ఓపికను బట్టి వాళ్లు ఎంచుకుంటారు. పెద్ద దారిలో దాదాపు సగం మట్టిరోడ్డే. మధ్యమధ్య ఆగే చోట్ల రొట్టె, బీన్స్, కూరగాయలు వేసి కాచిన 'రిబొల్లీతా' అనే చిక్కటి సూపు, ఆలివ్ నూనె రాసిన రొట్టెలు పెడతారు. వైనూ ఉంటుంది!

ఈ మట్టిదారుల అందం చూసి 2007లో వృత్తి క్రీడాకారుల పందెం కూడా ఇక్కడే మొదలైంది. సియెనా నడిబొడ్డున ఉన్న పియాజా దెల్ కాంపో చౌకులో అది ముగుస్తుంది. అందులో పాల్గొనేవి సరికొత్త కార్బన్ సైకిళ్లు. లెరోయికాలో మాత్రం ఆ ఆటలు సాగవు. సైకిలు సాధారణంగా 1987కు ముందు కాలంది అయ్యుండాలి. గేర్లు మార్చే మీటలు హ్యాండిలుమీద కాకుండా ఫ్రేము కింది గొట్టంమీద ఉండాలి. పెడళ్లకు పాదాన్ని పట్టి ఉంచే క్లిప్పులూ తోలు పట్టీలూ ఉండాలి. బ్రేకు వైర్లు హ్యాండిలు బయటి నుంచే రావాలి.

నియమాలు వినడానికి తేలిగ్గానే ఉన్నాయి. చిక్కంతా పాటించేటప్పుడే!

అంగడిలో ఇనుప బంగారం

పందేనికి ముందురోజుల్లో గయోలె వీధులు సంతను తలపిస్తాయి. బల్లలమీద, దుప్పట్లమీద, కారు డిక్కీల్లో... ఎక్కడ చూసినా సైకిలు ముక్కలే. మరకలు పడ్డ సీట్లు, జంటలోంచి విడిపోయిన బ్రేకులు, గేరు మీటలు, నూనె కాగితంలో చుట్టిన చైన్లు. అన్నింటికంటే ఎక్కువమంది వంగి చూసేది మాత్రం క్రాంక్‌సెట్లనే. పెడల్ బిగించే రెండు చేతులు, వాటి మధ్య పళ్ల చక్రాలు కలిపి క్రాంక్‌సెట్ అన్నమాట. మనిషి కాలిబలం సైకిలులోకి ప్రవేశించే గుమ్మం అదే.

మన ఊళ్లలో నల్ల సైకిలు తొక్కినవాళ్లకు దీని అన్నగారు బాగా తెలుసు. పెడల్ చేతిని ఇరుసుకు బిగించడానికి అడ్డంగా దిగ్గొట్టే కాటర్ పిన్ను గుర్తుందా? అది అరిగితే పెడల్ తొక్కినప్పుడల్లా 'టక్కు... టక్కు...' మనేది. మెకానిక్కు సుత్తితో నాలుగు దెబ్బలేసి కొత్త పిన్ను దిగ్గొట్టేవాడు. ఐరోపాలోనూ చాలాకాలం అదే పద్ధతి నడిచింది. 1933లో ఫ్రాన్సుకు చెందిన స్ట్రాంగ్‌లైట్ సంస్థ పిన్ను అవసరం లేని అల్యూమినియం క్రాంకును తెచ్చింది. ఇరుసు కొసను నలుచదరంగా, చివరికి పోయేకొద్దీ సన్నగా చెక్కి, దానిమీదికి క్రాంకును బోల్టుతో బిగించేశారు. ఆ ఆలోచన దశాబ్దాలపాటు రేసు సైకిళ్లను ఏలింది.

ఇటలీ విషయానికొస్తే రారాజు కాంపన్యోలో. సైకిలు పందెగాడైన తుల్లియో కాంపన్యోలో 1933లో విచెంజాలో స్థాపించిన సంస్థ అది. 1958లో ఆ సంస్థ తెచ్చిన 'రికార్డ్' క్రాంక్‌సెట్ కోసం సంతలో ఇప్పటికీ కళ్లు వెతుకుతుంటాయి. సన్నగా, వెండిలా మెరుస్తూ అయిదు చేతుల నక్షత్రంలా ఉండే ఆ అందమే వేరు. అయితే అందం చూసి కొంటే మోసపోతారని సంతకు ఏళ్లుగా వచ్చేవాళ్లు చెబుతారు. ఎందుకో తెలియాలంటే ఒక సైకిలును ఊహించుకోవాలి.

అటక దిగిన సైకిలు

అది ఓ తాతగారి సైకిలనుకుందాం. 1970ల నాటి ఉక్కు ఫ్రేము. ముందు రెండు పళ్ల చక్రాలు, వెనక అయిదు. చాలా ఏళ్లు అటకమీద పడుంది. చైను తుప్పుపట్టి కర్రలా బిగుసుకుపోయింది. ఎడమవైపు క్రాంకు లేదు. మనవడు దాన్ని దించి, తుడిచి, లెరోయికాకు తీసుకెళ్లాలనుకున్నాడు. ఇప్పుడతను సంతలో నిలబడ్డాడు.

మొదటి గండం ఇరుసు దగ్గరే. నలుచదరపు కొసల్లో రెండు రకాలున్నాయి. జపాన్ సంస్థలు ఎక్కువగా వాడింది ఒకటి, కాంపన్యోలో లాంటి ఐరోపా సంస్థలు వాడింది మరొకటి. రెండింటి వాలూ ఒకటే, కొసల కొలతలోనే తేడా. పక్కపక్కన పెట్టి చూసినా మామూలు కంటికి తెలియదు. ఒకదాని క్రాంకును మరోదాని ఇరుసుకు తొడిగితే దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు ఎక్కువైనా లోపలికి పోతుంది, లేదా అంత బయటే ఆగిపోతుంది. బిగిసినట్టే ఉంటుంది. వంద కిలోమీటర్లు తిరిగేసరికి మెత్తని అల్యూమినియం రంధ్రం అరిగి గుండ్రమైపోతుంది. ఇక దాన్ని బాగుచేయడం ఎవరి తరమూ కాదు.

రెండో గండం మరలు. పెడళ్లు బిగించే రంధ్రం పాత ఫ్రెంచి క్రాంకుల్లో 14 మిల్లీమీటర్లు. మిగతా చాలా దేశాల్లో అంగుళంలో పదహారింట తొమ్మిదో వంతు, అంటే కాస్త పెద్దది. బలవంతంగా తిప్పితే మరలన్నీ పాడైపోతాయి. ఇరుసును పట్టుకునే కప్పులదీ ఇదే గోల. ఇంగ్లిషు ఫ్రేముల్లో కుడివైపు కప్పును బిగించాలంటే ఎడమవైపుకు తిప్పాలి. ఇటలీ, ఫ్రాన్సు ఫ్రేముల్లో రెండువైపులా మామూలుగానే కుడికి తిప్పాలి. అందుకే ఇటలీ సైకిళ్లలో కుడి కప్పు తొక్కుతుండగా వదులయ్యే ప్రమాదముంది. తాతగారి సైకిలు ఏ దేశానిదో తెలుసుకోకుండా స్పానర్ పట్టుకోవడమంటే తాళం ఏదో చూడకుండా చెవి దూర్చడమే.

మూడోది అన్నింటికన్నా పెద్ద గండం... పగుళ్లు. పాత రికార్డ్ క్రాంకులో పెడల్ చేయి నక్షత్రంతో కలిసేచోట ఒక పదునైన మూల ఉంటుంది. తొక్కిన ప్రతిసారీ ఒత్తిడంతా అక్కడే పడుతుంది. వేలసార్లు వంచిన తీగ ఏదో ఒకనాడు తెగినట్టు, అక్కడ వెంట్రుకంత పగులు మొదలవుతుంది. అది పెరిగి పెరిగి ఓరోజు క్రాంకు పుటుక్కున విరుగుతుంది. అదీ మనిషి లేచి నిలబడి బలంగా తొక్కేటప్పుడు! ముందుకు పడితే దవడో భుజమో బద్దలవ్వాల్సిందే. అందుకే తెలిసినవాళ్లు ఆ మూలను మురికి లేకుండా తుడిచి, వెలుతురుకు పెట్టి, భూతద్దంతో చూస్తారు. గోటితో గీకి చూస్తారు. పగులుందన్న అనుమానం వస్తే ఎంత మెరిసే క్రాంకైనా పక్కన పెట్టేస్తారు. అది గోడకు అలంకారంగానే పనికొస్తుంది.

చైను లావు... చిక్కుల తావు

మనవడు అన్నీ చూసి మంచి క్రాంకునే కొన్నాడు. ఇక చైను. సైకిలు చైన్లన్నీ ఒకేలా ఉంటాయని మనకో నమ్మకం. అందులో కొంత నిజమే. ఒక పిన్నుకూ పక్క పిన్నుకూ మధ్య దూరం దాదాపు అన్ని సైకిళ్లలోనూ అర అంగుళం. మన నల్ల సైకిలైనా, లక్షల ఖరీదు చేసే రేసు సైకిలైనా సరే. మారింది వెడల్పు.

నల్ల సైకిలు చైను లోపలి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు. దాని పళ్లూ అంతే దొడ్డుగా ఉంటాయి. గేర్ల సైకిళ్లకు అంత దొడ్డు చైను పనికిరాదు. వాటికి అంగుళంలో 32 భాగాలు చేస్తే అందులో మూడు భాగాల వెడల్పు. ఇక బయటి వెడల్పు వెనక ఎన్ని చక్రాలున్నాయన్న దాన్నిబట్టి ఉంటుంది. అయిదు చక్రాల కాలంలో చైను బయటి వెడల్పు సుమారు 7.8 మిల్లీమీటర్లు. ఎనిమిది చక్రాలొచ్చేసరికి 7.1కి తగ్గింది. పదికి సుమారు 6, పదకొండుకు 5.5. అదే జాగాలో ఎక్కువ చక్రాలు ఇరికించాలంటే చైను చిక్కిపోక తప్పదుగా!

మనవడు దుకాణానికెళ్లి 'అన్నింటికన్నా మంచి చైను' ఇమ్మన్నాడనుకోండి. అమ్మేవాళ్లు ఖరీదైన పదకొండు చక్రాల చైను చేతిలో పెడతారు. తెచ్చి పాత క్రాంక్‌సెట్‌కు వేస్తే వీధిలో నాలుగు చుట్లు బాగానే తిరుగుతుంది. కానీ పాత క్రాంక్‌సెట్లో రెండు పళ్ల చక్రాల మధ్య ఎడం లావు చైనును దృష్టిలో పెట్టుకుని ఉంచింది. సన్న చైను పెద్ద చక్రంమీంచి చిన్నదానిమీదికి దిగేటప్పుడు పళ్లను అందుకోలేక రెండింటి సందులోకి జారిపోవచ్చు. కాళ్లు గాల్లో తిరుగుతుంటాయి, సైకిలు మాత్రం ఆగిపోతుంది. చదునునేలమీదైతే నవ్వుకోవచ్చు. నిటారుగా ఉన్న ఎక్కుడులో, పాదాలు తోలు పట్టీల్లో బిగించి ఉన్నప్పుడైతే చెట్టు కూలినట్టు పక్కకు పడాల్సిందే.

మరి మందేమిటి? అయిదు, ఆరు, ఏడు చక్రాల పాత సైకిళ్లకు ఇప్పుడు దొరికే ఎనిమిది చక్రాల చైను చాలావరకు సరిపోతుంది. ధరా తక్కువే. ఖరీదెక్కువైతే నాణ్యత ఎక్కువన్న లెక్క ఇక్కడ తప్పుతుంది. అన్నట్టు, దాన్ని కలిపే పద్ధతీ మారింది. పాత లావు చైన్లలో పిన్నును కొసదాకా నెట్టి మళ్లీ అదే పిన్నుతో కలిపేవారు. ఇప్పటి సన్న చైన్లలో అలా చేస్తే పట్టు తగ్గి మధ్యదారిలో ఊడే ప్రమాదముంది. వాటికోసం ప్రత్యేకమైన పిన్నో, మన చైను లాకు లాంటి లింకో వాడాలి.

వీసం తేడా

'చైను సాగింది' అంటాం కదా... నిజానికి ఇనుము సాగదు. లోపలి పిన్నులూ వాటి చుట్టూ ఉండే గొట్టాలూ ఒకదాన్నొకటి తొలుచుకుంటాయి. ఒక్కో కీలు దగ్గర కంటికి కనిపించని ఖాళీ ఏర్పడుతుంది. వందకు పైగా ఉన్న లింకుల ఖాళీలన్నీ కలిస్తే చైను పొడవు పెరుగుతుంది.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. పిల్లల పెట్టెలో ఉండే స్కేలు చాలు. కొత్త చైనులో 24 లింకులు కొలిస్తే పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు కచ్చితంగా 12 అంగుళాలుంటుంది. అది అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే చైను మార్చే సమయం వచ్చినట్టే. పదహారో వంతును మన పెద్దలు వీసం అనేవారు. వీసమెత్తు తేడాయే కదా అని ఊరుకుంటే, రెండు వీసాలయ్యేసరికి ఆ సాగిన చైను పళ్లను కూడా కొరికేస్తుంది. నిటారుగా ఉండాల్సిన పన్ను సొరచేప రెక్కలా ఒకవైపుకు ఒరుగుతుంది. అలాంటి పళ్లమీద కొత్త చైను వేస్తే కుదురుగా కూర్చోదు. బలంగా తొక్కగానే ఎగిరి దూకుతుంది. పాత క్రాంక్‌సెట్లకు సరిపోయే పళ్ల చక్రాలు దొరకడం రోజురోజుకీ కష్టమవుతోంది. చవకైన చైనును సమయానికి మార్చకపోతే దొరకని చక్రం పోతుందన్నమాట. వరి పంట ఏటా వస్తుంది, వారసత్వపు గంగాళం రాదుగా!

కొండముందు లెక్కలు

జాతకాలు కలిశాయి. సైకిలు సిద్ధం. కానీ ముందుంది మోంతె సాంతె మరియె. సియెనాకు ఆగ్నేయంగా ఉన్న బోడికొండల్లో పడుతూ లేస్తూ సాగే తెల్లదారి అది. పాత రేసు క్రాంక్‌సెట్లలో మామూలుగా పెద్ద చక్రానికి 52 పళ్లు, చిన్నదానికి 42 ఉండేవి. వెనక అన్నింటికన్నా పెద్ద చక్రానికి 24 ఉంటే, పెడల్ ఒక్క చుట్టు తిప్పగానే సైకిలు సుమారు 3.7 మీటర్లు ముందుకెళ్లాలి. యువకులైన రేసర్లకు సరే. యాభైలు దాటిన మోకాళ్ల సంగతేంటి?

ముందు చిన్న చక్రం వేసుకుంటే సరిపోదా అనిపిస్తుంది. కుదరదు! 1960ల చివర నుంచి వచ్చిన రికార్డ్ క్రాంకులో చక్రాన్ని బిగించే అయిదు బోల్టులూ 144 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వలయంలో ఉంటాయి. 34 పళ్ల చక్రంలో చైను తిరిగే వలయం వ్యాసమే 137 మిల్లీమీటర్లు. అంటే బోల్టులు పళ్లను దాటి బయటికొచ్చేస్తాయి. 41 పళ్లకన్నా తగ్గించడం ఆ క్రాంకుకు సాధ్యంకాదు. వెనక పెద్ద చక్రం వేద్దామంటే ఆ కాలపు రేసు డిరైలర్లు చాలావరకు 26, 28 పళ్ల దగ్గరే చేతులెత్తేస్తాయి.

ఇక్కడే ఫ్రాన్సు యాత్రికుల సైకిళ్లు ఆదుకుంటాయి. టీఏ సంస్థ 'సైక్లోటూరిస్ట్' క్రాంకుల్లో బోల్టుల వలయం వ్యాసం 50.4 మిల్లీమీటర్లే. దానికి 26 పళ్ల చక్రం కూడా పడుతుంది. ముందు 30, వెనక 26 పళ్లుంటే పెడల్ చుట్టుకు రెండున్నర మీటర్ల లోపే. కొండ ఎంత నిటారైనా కూర్చునే ఎక్కొచ్చు. కాకపోతే కాంపన్యోలో మెరుపులుండవు. తాతగారి సైకిలును తాతగారి రూపంలోనే ఉంచాలా... మోకాళ్లకు మేలు చేయాలా? లెరోయికాకు వచ్చే చాలామందిని వేధించే ప్రశ్న ఇదే. కొందరు 42 పళ్లే ఉంచుకుని కష్టమైనచోట దిగి నెట్టుకుంటూ నడుస్తారు. అందులో సిగ్గేం లేదు. తెల్లదారిమీద సైకిలు నెట్టుకుంటూ వెళ్లే వాళ్ల వరస కూడా ఆ పండగ బొమ్మలో భాగమే.

గుడిలో ఒకటి... దారిలో ఒకటి

పాత సైకిళ్లను ఇటలీ ఎంతగా గౌరవిస్తుందో చూడాలంటే ఉత్తరాన కోమో సరస్సు దగ్గరున్న మడోన్నా దెల్ గిసాల్లో చర్చికి వెళ్లాలి. సైకిలు తొక్కేవాళ్ల రక్షకురాలిగా ఆ మాతను 1949లో పోప్ పన్నెండో పయస్ ప్రకటించారు. ఫౌస్తో కోప్పి, జీనో బార్తాలి లాంటి మహామహుల సైకిళ్లు ఆ చిన్న చర్చి గోడలకు వేలాడుతుంటాయి.

ఆ బార్తాలి టస్కనీ బిడ్డే. ఫ్లోరెన్సు పక్కనున్న పోంతె ఆ ఎమాలో 1914లో పుట్టాడు. 1938లోనూ, మళ్లీ పదేళ్లకు 1948లోనూ టూర్ దె ఫ్రాన్స్ గెలిచాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సాధన చేస్తున్నట్టు నటిస్తూ యూదులను కాపాడేందుకు కావాల్సిన దొంగ పత్రాలను సైకిలు గొట్టాల్లో దాచి చేరవేశాడు. బతికున్నన్నాళ్లూ ఆ సంగతి పెద్దగా చెప్పుకోలేదు. 2000లో కన్నుమూశాడు. ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ సంస్థ 2013లో ఆయన సేవను గుర్తించింది. ఆయన తొక్కిన సైకిలులోనూ ఒక చైను తిరిగింది, కొన్ని పళ్లు దాన్ని పట్టుకున్నాయి. అవి సరిగ్గా కలిసుండబట్టే ఆ కాగితాలు చేరాల్సినచోటికి చేరాయి.

గోడకు వేలాడే సైకిలు అరగదు. దారిమీది సైకిలు రోజూ కొంచెం కొంచెం అరిగిపోతూనే ఉంటుంది. అయినా గయోలెకు వచ్చేవాళ్లు రెండోదాన్నే ఎంచుకుంటారు. తారు పడకుండా ఉండాలంటే తెల్లదారిమీద చక్రం తిరగాలన్న బ్రొచ్చి మాట సైకిలుకూ వర్తిస్తుందని వాళ్లకు తెలుసు. వాడకపోతే తుప్పు పడుతుంది. వాడితే అరుగుతుంది. అరిగినదాన్ని ఎప్పటికప్పుడు గుర్తించి సరైన జోడీతో మార్చుకుంటూ పోవడమే చేయగలిగింది.

లెరోయికా రోజున కుదరకపోయినా ఫర్వాలేదు. ఆ దారి పొడవునా శాశ్వతంగా బోర్డులు పెట్టారు. ఏడాదిలో ఎప్పుడైనా వెళ్లి తొక్కొచ్చు. సియెనా దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి కొండదారిలో గయోలె చేరుకోవచ్చు. ద్రాక్ష కోతలు జరిగే సెప్టెంబరు, అక్టోబరు నెలలైతే మరీ అందం.

అంతదూరం వెళ్లలేనివాళ్లు మరోపని చేయొచ్చు. ఇంట్లో అటకమీదో, మెట్లకిందో నాన్నగారి సైకిలేమైనా ఉందేమో చూడండి. దించి, దుమ్ము దులిపి, పిల్లల పెట్టెలోంచి స్కేలు తీయండి. 24 లింకులు కొలవండి. సరిగ్గా పన్నెండు అంగుళాలు వస్తే... ఇంకేం, వీధి చివరిదాకా ఓ రౌండు వేసి రండి!